ఎండలో పెట్టిన ఫ్లాపీలు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ కూర్చుంటే నా ఫోన్‌లో ఎవరిదో పెళ్ళి పత్రిక వచ్చింది. తెరిచి చూద్దామని వేలు పెట్టబోయేంతలో మా కోడలు పరుగున వచ్చి ఫోన్ లాక్కుని, అది పత్రిక కాదు వైరస్ అనీ, నొక్కితే ఫోన్‌లో ఉన్నదంతా ఊడ్చుకుపోతుందనీ నా మీద గట్టిగానే అరిచింది. ఇలాంటివాటికి ఇప్పుడు వేరే పోలీసులున్నారట, వేరే చట్టముందట. నా మొహం పాలిపోవడం చూసి భయపడ్డాననుకుందేమో, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. భయం కాదు. మా పుట్టింట్లో వైరస్ అన్న మాట ఎవరూ పైకి అనరు. అది వింటే నాకు మా అన్న గుర్తొస్తాడు.

బోధన్ బస్టాండు దగ్గర మా అన్నకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు బయట విప్పి, యంత్రం మీది గుడ్డ ముసుగు తీసి, దణ్ణం పెట్టుకుని గానీ మీట వెయ్యని రోజులవి. నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను అక్కడే టైపు నేర్చుకుని అక్కడే పనిలో కుదురుకున్నాను. చెరుకు రోజులొస్తే రోడ్డంతా ట్రాక్టర్లే, ఊరంతా కాగిన బెల్లపు వాసనే. చెరుకు ఎవరిష్టానికి వాళ్ళు కోసేది కాదు కదా, ఏ రైతు ఏ రోజు కొయ్యాలో వంతు చీటీ రావాలి, కోసిన చెరుకు వెంటనే ఫ్యాక్టరీకి తోలాలి, లేకపోతే చేలోనే ఎండి తేలిపోతుంది. ఆ వంతులన్నీ రైతుల సొసైటీ వాళ్ళు కొత్తగా కొన్న కంప్యూటర్‌లో ఉండేవి. ఆ సొసైటీకి పెద్ద మా పెద్దబాపు, అంటే మా నాయన అన్న.

నిజామాబాద్ నుంచి వచ్చే ఫ్లాపీలలో, అంటే ఫైళ్ళు దాచుకునే ఆ పలచటి ప్లాస్టిక్ పలకల్లో, తరచూ వైరస్‌లుండేవి. మిగతావాళ్ళు వాటిని తుడిచి పారేస్తే మా అన్న విప్పి చూసేవాడు. అది ఫ్లాపీలో మొదటి గదిలో దాక్కుంటుందనీ, యంత్రం లేవగానే ముందు దాన్నే చదువుతుందనీ ఎంత మురిపెంగా చెప్పేవాడో! పక్క దేశంలో ఇద్దరు అన్నదమ్ములు తమ ప్రోగ్రామును దొంగచాటుగా కాపీ చేసుకునేవాళ్ళ కోసం ఒక వైరస్ రాసి, దాంట్లో తమ చిరునామా కూడా పెట్టారట. ఆ సంగతి ఎక్కడో చదివి రెండు రోజులు నవ్వుకున్నాడు. ఆ సరదాలోనే తానూ ఒకటి రాశాడు. యంత్రం వెయ్యగానే ఇంగ్లీషు అక్షరాల్లో నమస్తే, బాగున్నరా అని అడిగి మాయమైపోతుంది, అంతకు మించి ఏమీ చెయ్యదు. మా సెంటర్ దాటి పోదనుకున్నాడు. సొసైటీ గుమస్తా మా దగ్గర టైపు చేయించుకున్న ఫ్లాపీతో పాటు అది కూడా వెళ్ళిపోయింది.

శివరాత్రి దాటాక ఒక పొద్దున సొసైటీ కంప్యూటర్ పెద్దబాపును బాగున్నరా అని పలకరించింది. ఇంకేముంది, ఆఫీసంతా గగ్గోలు. మా అన్న ఉరుకుతూ వెళ్ళి, అది తనదేననీ ఏమీ కాదనీ చెప్పినా వినే నాథుడు లేడు. నిజామాబాద్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే, నకళ్ళు ఫ్లాపీల్లో ఉన్నాయి కదా అని అతను కంప్యూటర్‌ను మొత్తం తుడిచిపెట్టాడు. ఆ ఫ్లాపీలకు మాత్రం పురుగు సోకలేదని నమ్మకమేమిటని పెద్దబాపుకు అనుమానం వచ్చింది. కందులకు పురుగు పడితే ఏం చేస్తాం, పసుపు కొమ్ములకు పడితే ఏం చేస్తాం? ఆయన అదే చేశాడు. డాబా మీద చాప పరిచి, ఫ్లాపీలన్నీ వరసగా ఆరబోసి, పొద్దుగూకేదాకా మంచి ఎండ తగలనిచ్చాడు.

సాయంత్రం చూస్తే అవి అప్పడాల్లా వంకర తిరిగిపోయి ఉన్నాయి. ఎండకే వంగాయని మేము మొత్తుకున్నాం. వైరస్ ముదిరి ప్లాస్టిక్ కూడా వంకర తిరిగిందని ఊరు నమ్మింది. పెద్దబాపు కావాలని అబద్ధమాడాడని నేను ఈనాటికీ అనను, ఆయనా అట్లాగే నమ్మాడు, నా గుండె కోత అదే. వంతులు తెలియక చీటీలు ఆగిపోయాయి, జాబితా లేదని ఫ్యాక్టరీ తీసుకోక, అప్పటికే కోసిన చెరుకు చేలల్లో ఎండిపోయింది, ఆ రైతులంతా మా వాకిట్లోకి వచ్చారు.

పోలీసులు మా అన్నను తీసుకుపోయారు. కంప్యూటర్లకని చట్టం అప్పటికింకా రాలేదు. ఏ సెక్షన్ రాయాలో తెలియక స్టేషన్‌లో వాళ్ళే తలలు పట్టుకుని, చివరికి ఎవరి చేనికో నిప్పు పెట్టినవాడి మీద రాసినట్టు ఆస్తి నష్టం కింద రాశారు. వైరస్ రాసింది తానేనని మా అన్న ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి వాళ్ళకు? ఆ కేసు నడుస్తుండగానే ప్రేమలేఖ పేరుతో ఒక వైరస్ ప్రపంచమంతా తిరిగింది. ఫిలిప్పీన్స్‌లో పట్టుబడినవాణ్ణి, అక్కడ చట్టం లేదు గనక వదిలేశారని పేపర్లో వచ్చింది. చట్టం లేకపోతే అక్కడ వదిలేస్తారు, ఇక్కడ ఉన్నదాన్నే పట్టుకొచ్చి తగిలిస్తారు. ఏళ్ళు గడిచాక రుజువు లేదని కోర్టు కొట్టేసింది. అప్పటికే సెంటర్ మూతపడింది, మా అన్నకు కుదిరిన పెళ్ళి సంబంధం తప్పిపోయింది, ఆయనకు వైరసోడు అన్న పేరు స్థిరపడింది. ఆయన పిండి గిర్ని పెట్టుకున్నాడు. కంప్యూటర్‌ను మళ్ళీ ముట్టలేదు.

ఇప్పుడు వైరస్‌లను విప్పి చూడడం చదువట! నిజామాబాద్‌లో పిల్లలు పరీక్షలు రాసి మరీ చేరుతున్నారు, కంపెనీలు పిలిచి కుర్చీ వేస్తున్నాయి. ఈ సంగతి వింటే సంతోషిస్తాడని పోయిన నెల గిర్నికి వెళ్ళి చెప్పాను. అంతా విని, చేతుల పిండి దులుపుకుని అడిగాడు.

"గదంత మంచిదే గని చెల్లె, గా చెరుకు నాతోని ఎండలేదని ఊర్లె ఎవలన్న అన్నరా?"

ఎవరూ అనలేదు. అనవలసిన పెద్దబాపు ఎప్పుడో పోయాడు, ఆ రైతుల్లో మిగిలినవాళ్ళు నన్ను చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటారు. "అన్నరన్నా, శాన మంది అన్నరు" అని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, గిర్ని వేశాడు. ఆ చప్పుడులో ఇంక మాట్లాడడానికి లేకపోయింది.

తిరిగొస్తూ బస్సులోంచి చూశాను. అప్పుడు చెరుకున్న చేలల్లో ఇప్పుడు మక్కలూ సోయా వేస్తున్నారు. ఫ్లాపీ అంటే ఏమిటో చెప్పినా నేటి పిల్లలకు అర్థం కాదు, ఆ చెరుకు ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు కూడా నలుగురైదుగురికి మించి లేరు, వాళ్ళూ మేమూ పోతే ఆ గొడవ ఎవరికీ గుర్తుండదు. అయినా ఆ నలుగురైదుగురిలో ఒక్కరు, మా అన్న బతికుండగా, తప్పు నీది కాదని చెప్పడానికి ఆ గిర్ని దాకా నడిచి వెళ్తారన్న ఆశ నాకు లేదు.