ఒకటో నంబరు మర్నాడు

నా చిన్నప్పుడు మా వీధిలో టెన్నిస్ బ్యాటు పట్టుకోవడం తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ మా పక్కింటి అక్క. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి నేనూ అప్ప అనే పిలిచేదాన్ని. నరసన్నపేట దగ్గర ఒక మిషను స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసేది. ఆడమనిషి మెడలో గొలుసుతో పాటు విజిల్ కూడా వేసుకుని తిరగడం మా వీధివాళ్ళు చూడటం అదే మొదలు. ఆవిడ కూరగాయల బండివాణ్ణి కూడా విజిల్ ఊదే ఆపేది.

మా ఇంటి వెనక మిషను వాళ్ళ ఖాళీ స్థలం ఒకటి ఉండేది. దొరలు ఉన్న రోజుల్లో అక్కడ టెన్నిస్ ఆడేవారట. మేం పుట్టేసరికి అందులో ఉలవలు ఎండబెట్టుకుంటున్నారు. ఒక వేసవి సెలవుల్లో అప్ప ఆ స్థలాన్ని బాగు చేయించి మాకు టెన్నిస్ నేర్పుతానంది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, మాతోనే ఉండేవాడు. ధాన్యం వ్యాపారం చేసేవాడు. సముద్రం ఒడ్డున ఉన్న స్నేహితుణ్ణి అడిగి చిరిగిన చేపల వల ఒకటి తెచ్చి నెట్టుగా కట్టాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వల వాసన పోలేదు. ఆట జరిగినంతసేపూ వీధిలో పిల్లులన్నీ దాని కింద వరసగా కూర్చుని పైకి చూస్తుండేవి. గీతలు బియ్యప్పిండితో వేశాం. బంతి గీతకు ఇవతల పడిందా అవతల పడిందా అని మేం తగువులాడుకుంటుంటే మా కోళ్ళు వచ్చి ఆ గీతనే తినేసేవి.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త పడింది. ఏదో దేశంలో ఒక చిన్న వయసు అమ్మాయి ఒక్కొక్కరినే ఓడించుకుంటూ వచ్చి టెన్నిస్‌లో ప్రపంచానికంతటికీ ఒకటో నంబరు అయిందట. అప్ప ఆ వార్తను మా అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించింది. ఎవరు ఎన్నో నంబరో కంప్యూటరు లెక్క కట్టి చెబుతుందని కూడా చదివింది. కంప్యూటరంటే ఏటని మావయ్య అడిగాడు. తప్పులెయ్యని గుమస్తా అంది అప్ప. అలాంటి గుమస్తా దొరికితే తన కొట్లో పెట్టుకుంటానని మావయ్య వెంటనే అన్నాడు.

ఆ అమ్మాయి ఫొటోను నేను చాలాసేపు చూశాను. అది కూడా నాలాగే రెండు జడలు వేసుకుని ఉంది. ఇంకేముంది, నేను కూడా ప్రపంచానికి ఒకటో నంబరు అవుతానని అక్కడికక్కడే చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు గానీ మా అమ్మ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా తన మాట చెప్పింది.

"పెద్దదానివౌతన్నావు. ఈ సెలవుల్తో ఆ ఆట మానీ. ఒకవేళ ఒకటో నంబరు అయినావనుకో, అప్పుడు ఆడుకో. నాను అడ్డు సెప్పను."

అది జరగని పని అని అమ్మ ధైర్యం. నాకు మాత్రం అది రాసిచ్చిన పత్రంలా వినపడింది.

అప్ప మర్నాడే మా పశువుల శాల గోడ మీద సుద్దతో ప్రపంచ ర్యాంకులు రాసింది. ప్రపంచమంటే నలుగురం. ఒకటో నంబరు మావయ్య, ఎందుకంటే వల తెచ్చింది ఆయన. రెండో నంబరు చర్చి పాస్టరుగారు, ఎందుకంటే స్థలం వాళ్ళది. మూడో నంబరు మా తమ్ముడు. నాలుగో నంబరు, అంటే ప్రపంచంలో ఆఖరు, నేను. మరి కంప్యూటరేదని మావయ్య అడిగితే అప్ప తన గుండె మీద చెయ్యి వేసుకుని, "నానే" అంది.

తరవాత రూల్సు చెప్పింది. ఎవరైనా తన పైనున్న మనిషితోనే ఆడాలి, గెలిస్తే ఆ స్థానం తనది. మా దగ్గర బ్యాట్లు రెండే ఉండేవి. ఒకటి అప్ప సొంత బ్యాటు, తీగలు బిగువుగా, వేలితో మీటితే మోగేది. రెండోది దొరల కాలం నాటిది, కర్ర పగిలి ఉండేది, తెగిన తీగల బదులు మావయ్య వల దారం కట్టాడు. మంచి బ్యాటు ఎప్పుడూ ఒకటో నంబరు దగ్గరే ఉండాలని అప్ప చెప్పింది. అది విన్నాను. ఆ వెంటనే ఇంకేదో కూడా చెప్పింది గానీ అప్పటికే గీత మీదికి కోళ్ళు వచ్చేశాయి. వాటిని తోలడానికి నేను పరిగెత్తాను.

అంపైరుగా మా అమ్మమ్మను కూర్చోబెట్టారు. ఆవిడ మా వైపు ముసలమ్మలందరిలాగే చుట్టను అడ్డపొగ పీల్చేది, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. నోరు తెరిస్తే చుట్ట పాడవుతుంది కాబట్టి తీర్పులన్నీ చేత్తోనే. చెయ్యి పైకెత్తితే బంతి లోపల పడినట్టు, పక్కకు ఊపితే బయట పడినట్టు. ఈగలు తోలుకున్నా పక్కకే ఊపేది. ఆ ఈగల వల్ల పాస్టరుగారు చాలా పాయింట్లు పోగొట్టుకున్నారు. అప్పటికీ ఆయన ఒక్క మాట అనలేదు, ప్రతి సర్వీసుకూ ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన మాత్రం చేసుకునేవారు.

మొదట తమ్ముడి మీద గెలిచాను. వాడు బ్యాటు అక్కడే పారేసి గోళీల ఆటకు వెళ్ళిపోయాడు, మళ్ళీ టెన్నిస్ వైపు చూడలేదు. తరవాత పాస్టరుగారితో ఆడాను. ఒకసారి ఓడాను, రెండోసారి గెలిచాను. దేవుడు ఆ రోజు నా వైపు ఉన్నాడని ఆయనే సంతోషంగా చెప్పి, పాతపట్నంలో ఏవో ప్రార్థన కూటాలుంటే బయల్దేరి వెళ్ళారు. మిగిలింది మావయ్య.

మావయ్య భారీ మనిషి. పంచె ఎగ్గట్టుకుని, పైన బనీనుతో ఆడేవాడు. పరిగెత్తేవాడు కాదు. ఆయన కొట్టిన బంతి ఒకసారి తిన్నగా, ఒకసారి పశువుల శాలలోకి, ఒకసారి అమ్మ ఆరబెట్టిన చీరల మీదికి పోయేది. దాంతో మావయ్యకు ఆట రాదని నేను తేల్చేసుకున్నాను. అయినా ఎందుకో చాలాసార్లు ఆయనే గెలిచేవాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే చూసి అక్కడ నిలబడి, మెల్లగా అవతలికి నెట్టేవాడు. కొట్టేవాడు కాదు, అందించేవాడు. నేను బలం కొద్దీ కొడుతూ, కొడుతూ అలిసిపోయేదాన్ని.

సెలవులు అయిపోవచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన్ను గెలిచాను. ఆఖరి బంతి గీత మీద పడిందా, కోళ్ళు తినేసిన జాగాలో పడిందా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మమ్మ చెయ్యి మాత్రం పైకి లేచింది. అప్ప గోడ మీద నా పేరు అందరికంటే పైన రాసింది. మంచి బ్యాటు ఇక నా దగ్గరే ఉంచుకోమంది.

ఇక ఆ సాయంత్రం నేను చేసిన హడావుడి చెప్పుకుంటే ఇప్పటికీ సిగ్గే. బ్యాటు భుజాన వేసుకుని వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాను. కిరాణా కొట్టతను ఏటమ్మా అది అని అడిగితే, ప్రపంచంలో ఒకటో నంబరు అని చెప్పాను. దేనికి అని ఆయన అడగలేదు, పటికబెల్లం ముక్క పెట్టాడు. ఇంటికొచ్చి అన్నం పెద్ద పీట మీద కూర్చునే తింటానన్నాను. మావయ్యను మావయ్యా అని కాకుండా "రెండో నంబరూ" అని పిలిచాను. ఆయన పలికాడు కూడా, పైగా నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అమ్మ కేసి చూసి, మాటంటే మాటేనా అన్నాను. మాటే అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే విజిల్ మోగింది. బయటికి వస్తే కోర్టులో మావయ్య పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు.

"ఏటి మావయ్యా?"

"ఆడదాం రాయే. రెండో నంబరోడు ఒకటో నంబరుని పిలవొచ్చు కదా."

పిలిచిన మరుక్షణమే ఓడిద్దామని బ్యాటు పట్టుకుని పరిగెత్తాను. అప్ప ఎదురొచ్చి నా చేతిలోంచి మంచి బ్యాటు మెల్లగా తీసుకుని మావయ్యకు ఇచ్చింది. పగిలిన బ్యాటు నా చేతిలో పెట్టింది.

"అప్పా, మంచిది నాది. ఒకటో నంబరు నాను."

"దగ్గర పెట్టుకోడానికే నీది. ఆటలో మంచి బ్యాటు కిందనున్నోళ్ళది, పగిలింది పైనున్నోళ్ళది. మొదటిరోజే సెప్పినాను. నువ్వు కోళ్ళ ఎనకాల లగెత్తినావు."

ఆ వేసవంతా నేను ఎప్పుడూ కిందున్నదాన్నే. నాకంటే పైనున్నవాళ్ళనే పిలిచి ఆడాను. ప్రతి ఆటకు ముందూ అప్ప మంచి బ్యాటు నా చేతికే ఇచ్చేది, ఎందుకని నేను అడగలేదు; అవతలివాళ్ళ చేతిలో పగిలిందే ఉంది. పశువుల శాలలోకి పోయిన ఆ బంతులన్నీ వల దారం చేసిన పని. మావయ్య ఆ వల దారంతోనే ఇన్నాళ్ళూ పైన నిలబడ్డాడు. నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఆట మొదలైంది. మొదటి బంతిని నేను బలంగా కొడితే అది వల దారంలో దిగిపోయి, బయటికి వచ్చి, నా వెనక్కే పోయింది. రెండోది అమ్మమ్మ మీదికి వెళ్ళింది. ఆవిడ కదలకుండా చెయ్యి పక్కకు ఊపింది, ఈసారి ఈగలు లేవు. మూడోది ఒక పిల్లికి తగిలింది. అవతల మావయ్య చేతిలో మంచి బ్యాటు ఢంగుమని మోగుతోంది. అంత లావు మనిషి అంత అందంగా ఆడగలడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆట కాసేపట్లో ముగిసింది. నా లెక్క గుండు సున్నా.

నేను ఏడుస్తూ ఇంట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూలబడ్డాను. సాయంత్రం ఒకటో నంబరు అయి పొద్దున్నకే దిగిపోయానంటే ఇక నా ఆట ముగిసినట్టే కదా. అమ్మ గోడ పక్కనుంచి అంతా చూసిందని నాకు తెలియదు. అన్నం వారుస్తూనే మాట్లాడింది.

"ఎందుకే ఆ ఏడుపు?"

"ఓడిపోనాను. ఇంక ఆడనివ్వవు కదా."

"ఒకటో నంబరు అయితే ఆడుకోమన్నాను. అయినావు. రేపు కూడా ఉండాలని నాను సెప్పలేదే."

నేను కళ్ళు తుడుచుకుని చూశాను. అమ్మ గిన్నె కింద పెట్టింది.

"నిన్న అన్నం బాగా ఉడికిందని అందరూ మెచ్చుకున్నారు. మరి ఈయేళ పొయ్యి ముట్టించకుండా కూకున్నానేటి? లేచి మొకం కడుక్కో. మీ మావయ్యకి మంచినీళ్ళియ్యి. పాపం సెమటలు కక్కేస్తన్నాడు."

చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి మావయ్యకు ఇచ్చాను. ఏం మాట్లాడాలో తోచక, పగిలిన బ్యాటుతో ఎలా కొట్టాలి అని అడిగాను. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"దాంతో కొట్టకూడదే గుంటా. దాన్ని బతిమాలాల."

ఆ తరవాత మిగిలిన సెలవులన్నీ పగిలిన బ్యాటును బతిమాలడంతోనే సరిపోయాయి. అప్ప అడ్డు చెప్పలేదు. కిందికి దిగాను కాబట్టి మంచి బ్యాటు ఇస్తామన్నా నేను పుచ్చుకోలేదు. బడులు తెరిచే ముందు ఇంకోసారి పైకెక్కాను, ఈసారి పీట అడగలేదు. మావయ్య మళ్ళీ వచ్చాడు, నేను ఆ పగిలిన బ్యాటుతోనే నిలబడ్డాను. కొన్నాళ్ళు నిలబెట్టుకున్నాను, తరవాత దిగాను. ఎక్కడం, దిగడం అలవాటైపోయింది. నా టెన్నిస్ ఆ కోర్టు దాటి ఎక్కడికీ పోలేదు.

నేను పెరిగి నర్సునయ్యాను. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేశాను. నరం దొరకని రోగికి కూడా ఒక్క పోటుకే సూది ఎక్కిస్తుందని నాకు కాస్త పేరుండేది. హెడ్ నర్సును చేసిన రోజున అందరూ లడ్డూలు పంచారు, మెడలో దండ వేశారు. మర్నాడు పొద్దున్న వార్డుకు వెళ్ళి, నరాలు పైకి తేలి కనిపించే కుర్రవాళ్ళను కొత్తగా వచ్చిన అమ్మాయిలకు ఇచ్చేశాను. నరం ఎక్కడుందో దేవుడికి తప్ప తెలియని ముసలివాళ్ళనూ, చెయ్యి ముట్టుకుంటే ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చే పసిపిల్లలనూ నేను తీసుకున్నాను. మేడం, మీరు పెద్దవారయ్యారు కదా, ఇంక మీకెందుకు ఈ తిప్పలు అని ఒక అమ్మాయి అడిగింది. పెద్దదాన్నయ్యాను కాబట్టే అన్నాను. ఆ రోజు మూడుసార్లు పొడిచినా నరం దొరక్క ఒక ముసలాయన చేత తిట్లు కూడా తిన్నాను. అయినా మర్నాడు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను.

మొన్న టీవీలో ఒక కుర్రాడు టెన్నిస్‌లో ప్రపంచానికి ఒకటో నంబరు అయ్యాడని చూపించారు. ఎక్కడో అడుగునుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చాడట. మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంక అతని పైన ఎవరూ లేరు కదా అమ్మమ్మా, హాయిగా ఉండొచ్చు కదా అంది నా మనవరాలు. కప్పు పట్టుకుని నవ్వుతున్న ఆ కుర్రాడి మొహం చూస్తుంటే నాకు ముచ్చటేసింది, కొంచెం జాలి కూడా వేసింది. ఈ పూటకైనా కడుపునిండా తిని, తొందరగా పడుకోమని అతనికి ఎవరైనా చెబితే బాగుణ్ణు అనుకున్నాను.