దూది సాయిబు కూత

నా చిన్నప్పుడు మిరపకాయల రోజులొచ్చాయంటే మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ తాకేవారు కాదు. కోతలు మొదలైన దగ్గర్నుంచి కళ్ళం ఎత్తేదాకా, ఇంచుమించు రెండు నెలలపాటు, పెద్దవాళ్ళ చేతులకు ఘాటు పట్టి ఉండేది. నీళ్ళతో ఎంత కడిగినా పోయేది కాదు. ఆ చేతులతో బుగ్గ నిమిరితే పిల్లలు కళ్ళు మండి గుక్కపెట్టి ఏడ్చేవారు. అందుకని నాయనమ్మ నాకు తల దువ్వేటప్పుడు కూడా వెనకనుంచే దువ్వి, జడ వేసి, ఇక పొమ్మనేది. మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడే పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వినుకొండ దగ్గర అత్తగారి ఊళ్ళో ఉండిపోయాడు. నన్ను సాకింది నాయనమ్మా, మా చిన్నాన్నా. వాళ్ళకు నామీద ప్రేమ లేదనను. తీరిక లేదు, అంతే.

మా ఊరు దర్శికి రెండు కోసుల దూరం. ఇప్పుడు కబడ్డీ అంటున్నారుగానీ అప్పుడు మాకది చెడుగుడే. ఒక్క ఊపిరి మీద కూత పెట్టుకుంటూ అవతలి జట్టు బరిలోకి వెళ్ళాలి, ఎవరినైనా తాకాలి, కూత తెగకుండా గీత దాటి వెనక్కి రావాలి. మా చిన్నాన్న కూతకు వెళ్ళేవాడు కాదు. పట్టు ఆయన పని. మాట కూడా తక్కువే. కూతకు వచ్చినవాడి కాలు ఆయన చేతికి దొరికిందంటే ఉడుం పట్టే.

ఆ ఏడు మా ఊరి బడి పక్క మైదానంలో పోటీలు పెట్టారు. వెండి కప్పు. చివరి ఆట మా ఊరికీ పొదిలి జట్టుకూ పడింది. పొదిలి జట్టులో పేరున్న ఆటగాడు మాకు తెలిసిన మనిషే. ఏటా పత్తి తీతలయ్యాక మా ఊరొచ్చి, పెద్ద విల్లుతో పరుపుల్లో దూది ఏకి పోయేవాడు. మేమంతా దూది సాయిబు అనేవాళ్ళం. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దంతా దూది నుసిలో పనిచేసే మనిషికి అంత ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందోనని ఊరంతా వింతగా చెప్పుకునేది.

సరిగ్గా ఆటరోజు పొద్దున అకాలపు మబ్బు పట్టింది. కళ్ళంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. నాలుగు చినుకులు పడితే ఏడాది కష్టం బూజు పట్టి తాలుకింద పోతుంది. ఇంటిల్లిపాదీ కాయలు కుప్ప తోసి తాటాకులు కప్పే పనిలో పడ్డాం. చిన్నాన్న మిట్టమధ్యాహ్నం దాటిందాకా నడుమెత్తలేదు. అంతా చేసి చూస్తే మబ్బు తేలిపోయి ఎండ కాసింది. చిన్నాన్న అటునుంచి అటే మైదానానికి పోతూ, ఇంటికెళ్ళి ముంతడు మజ్జిగ పట్టుకు రమ్మని నాకు చెప్పాడు. మిరప ఘాటు నీళ్ళకు లొంగదు, మజ్జిగతోనో నూనెతోనో రుద్దాలి.

ఆ మజ్జిగ నేను తాగేశాను. చెప్పడానికి ఇంకే వంకా లేదు. పొద్దుట్నుంచీ కళ్ళంలో ఉన్నాను, నన్ను అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు. ఒక్క గుక్క అనుకున్నాను. ఆ తరువాత ఇంకొక్కటి. మైదానం చేరేసరికి ముంత అడుగున తెల్లటి చారలు మిగిలాయి. భయమేసి బడి అరుగు చివర స్తంభం చాటున నిలబడ్డాను. చిన్నాన్న రెండుసార్లు జనంలోకి చూడటం నాకు కనపడింది. ఈల వినపడగానే చేతులు మన్నులో రుద్దుకుని బరిలోకి వెళ్ళిపోయాడు.

ఆట ఆఖరు కూతకు వచ్చేసరికి రెండు జట్లూ సమానం. మా వైపు బరిలో మిగిలింది చిన్నాన్న ఒక్కడే. కూతకు వచ్చింది దూది సాయిబు. అంత జనమూ నోరు మూసుకున్నారు. ఆ కూత ఒక్కటే తుమ్మెద ఝుంకారంలా వినపడుతోంది. సాయిబు గీత దాటి నాలుగడుగులు వేసి, చిన్నాన్న భుజం తాకి వెనక్కి తిరిగాడో లేదో, చిన్నాన్న కింద పడి ఆయన మడమ పట్టుకున్నాడు. సాయిబు ఆ బరువును అలాగే ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. ఇంకొక్క జానెడు. చిన్నాన్న ఆయన వీపు మీదికి ఎగబాకి మెడ చుట్టూ చేతులు వేయబోతే, చెయ్యి జారి సాయిబు కళ్ళ మీద పడింది. కూత కాస్తా దగ్గయిపోయింది. ఈల మోగింది.

ఆ తరువాత మా ఊరు ఊరులా లేదు. తువ్వాళ్ళు గాల్లోకి లేచాయి. డప్పులు మోగాయి. ముసలివాళ్ళు కూడా కర్రలు పారేసి ఎగిరారు. చిన్నాన్నను భుజాల మీదికి ఎత్తుకున్నారు. “పట్టంటే అదీరా!” అని ఒకడంటే, “దూది ఏకేవాణ్ణే ఏకిపారేశాడు మనోడు!” అని ఇంకొకడు. “ఏం సాయిబూ, పరుపు మెత్తగా ఉందా?” అని మరొకడు అరిస్తే అందరూ విరగబడి నవ్వారు. ఆ భుజాల మీద చిన్నాన్న ఒక్కడే నవ్వడం లేదు. తన అరచేతులు చూసుకుంటున్నాడు.

నేను నీళ్ళకుండ వైపు చూశాను. సాయిబు అక్కడ ఒంటరిగా కూర్చుని కళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన జట్టువాళ్ళు మొహాలు మాడ్చుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయారు. నా కాళ్ళు నన్ను అటే తీసుకెళ్ళాయి. ఆయన ఒక కన్ను కష్టంగా తెరిచి, “ముంతలో మజ్జిగేమన్నా ఉందా తల్లీ?” అని అడిగాడు. ముంత బోర్లించి చూపించాను. ఎవరికని తెచ్చావన్నాడు. చిన్నాన్న చేతులు కడుక్కోడానికి అన్నాను. నేనే తాగేశానన్నాను. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన జనం వైపు చూశాడు, నావైపు చూశాడు. “ఇంటికి పో. ఈ సంగతి ఎవరికీ చెప్పబాకు,” అన్నాడు.

కానీ సాయిబు కూత ఎందుకు తెగిందో అరచేతుల మంట చిన్నాన్నకు చెప్పేసింది. దీపాలు పెట్టే వేళ, వాకిట్లో ఊరంతా ఆయన కోసం కేకలేస్తుంటే, చిన్నాన్న కళ్ళంలో కుప్ప చాటున కూర్చున్న నా దగ్గరికి వచ్చాడు. “మజ్జిగేదే?” అన్నాడు. చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు కప్పు తువ్వాల్లో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, దర్శి దాకా నడిచి పొదిలి బస్సెక్కాడు. సాయిబు ఇంటి ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. కన్ను వాచి మూసుకుపోయింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఆయన భార్య, చనుబాలు పిండి రెండు చుక్కలు కంట్లో వేశానని చెప్పింది. చిన్నాన్న కప్పు మంచం మీద పెట్టాడు. “నా చేతులకు కారం ఉంది సాయిబు గారూ. అది పట్టు కాదు. ఇది మీది,” అన్నాడు. మా చిన్నాన్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అంతకుముందెప్పుడూ నేను వినలేదు.

సాయిబు ముందు నావైపు చూశాడు. నా చేతిలో ముంత లేకపోయినా ఉన్నట్టే నిలబడ్డాను కాబోలు. ఆయన నవ్వాడు. “ఏందబ్బాయ్, నీ చెయ్యి పడేసరికే నా ఊపిరి అయిపోయింది. కూత తెగినాక మండింది కన్ను. ముందు ఏది తెగిందో నాకు తెలవదా?” అన్నాడు. ఒట్టా అని చిన్నాన్న చిన్నపిల్లాడిలా అడిగాడు. “ఒట్టెందుకయ్యా, ఊపిరి నాది,” అని కప్పు తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. తరువాత నన్ను దగ్గరికి పిలిచి, రెండు చేతులతో నా మొహం తుడిచాడు. మిరపచేలో పడి కాయలు కోయని చేతులు, దూదిలో నానిన చేతులు. రెండు నెలల్లో నా మొహాన్ని ఒక మనిషి చెయ్యి తాకడం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో చిన్నాన్న కప్పు ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాడు. ఆయన గెలుపు ఆయనకు ఆ రోజు దక్కింది.

మరుసటి ఏడు పత్తి తీతలయ్యాక సాయిబు మా ఇంటికి పరుపు ఏకడానికి వచ్చాడు. చిన్నాన్న పొలంలో ఉన్నాడు. నేను బావి దగ్గర నీళ్ళు తోడుతున్నాను. వీధిలో పిల్లలు చేరి ఒక్క కూత పెట్టమని ఆయన్ను వేధించారు. ఆయన విల్లు పక్కన పెట్టి, ముక్కు గుడ్డ విప్పి, కూత ఎత్తుకుని వాకిట్లో తిరగడం మొదలుపెట్టాడు. నేను చేద వదిలాను. నిండింది. లాగాను, గాబులో పోశాను. మళ్ళీ వదిలాను, మళ్ళీ లాగాను. కూత ఇంకా నడుస్తూనే ఉంది, అదే సన్నటి ఝుంకారం, ఎక్కడా వణుకు లేదు. మైదానంలో ఆ రోజు గీత దాటిన దగ్గర్నుంచి దగ్గు వచ్చేదాకా పట్టిన సేపట్లో ఒక్క చేద కూడా నిండి ఉండదు. తాడు పట్టుకుని నిలబడిపోయాను. ఆయన తిరుగుతూ తిరుగుతూ నన్ను చూశాడు. చూసిన మరుక్షణం కూత పుటుక్కున తెంపేశాడు. గుండె పట్టుకుని, రొప్పుతున్నట్టు వంగి, “అయిపోయిందబ్బా, ముసలోణ్ణయిపోయా,” అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన మళ్ళీ నావైపు చూడకుండా విల్లు అందుకున్నాడు.

చిన్నాన్నకు ఆ సంగతి నేను చెప్పలేదు. చెబితే కప్పు పట్టుకుని మళ్ళీ పొదిలి వెళ్ళేవాడు. తను చనిపోయేదాకా ఆ పట్టు గురించి పిల్లలకు చెబుతూనే ఉన్నాడు, విన్న ప్రతిసారీ నేను వంటింట్లోకి లేచిపోయేదాన్ని. సాయిబుకు తెలుసు, నాకు తెలుసు. సాయిబూ పోయాక ఇక నాకొక్కదానికే తెలుసు.

ఇప్పుడు మా మనవలు టీవీలో కబడ్డీ చూస్తారు. ఆఖరి నిమిషంలో ఎవరో ఎవరినో పట్టేస్తే సోఫాలు ఎక్కి అరుస్తారు, చూడవే నాయనమ్మా అని నన్ను కుదుపుతారు. చూస్తూనే ఉంటాను. గెలిచినవాణ్ణి ఎత్తుకుని తిప్పేవాళ్ళ వెనకాల, తెర అంచులో, చిక్కినవాడు ఒక్కడే ఎటో నడిచిపోతుంటాడు. ఎవరైనా ఇంత మజ్జిగ తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళారో లేదో చూద్దామనుకుంటాను. అంతలోనే టీవీవాడు బొమ్మ మార్చేస్తాడు.