రబ్బరు కట్టిన జూమ్ లెన్సు

దయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పోయినవాళ్లని గోడకి ఆనించి కూర్చోబెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఆఖరి ఫోటో తీయించుకునే అలవాటు మా వైపు ఇంకా పూర్తిగా పోలేదు. కోటబొమ్మాళిలో స్టూడియో పెట్టిన కొత్తలో నేను పెళ్లిళ్ల కన్నా అవే ఎక్కువ తీశాను. పక్కకి వాలిపోతున్న తలని చేత్తో సర్ది, వెనక్కి వచ్చి ఫోటో తీసి, ఇంటికెళ్లి స్నానం చేసి కడుపునిండా తిని పడుకున్నవాణ్ణి. ఒక్క పీడకల కూడా రాలేదు. కాబట్టి ఇది చదివి నన్ను పిరికివాడి కింద జమకట్టకండి.

ఇదంతా ఒక పాత జూమ్ లెన్సుతో మొదలైంది. ఇప్పుడు పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్‌కి చోటుండదు. తాళి కట్టే వేళకి చుట్టాలందరూ సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని అడ్డం నిలబడతారు. మనం దూరంగా కుర్చీ ఎక్కి తీసుకోవాలి. దానికి పొడుగు లెన్సు కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. పాత ఫిల్మ్ కెమెరాల నాటి లెన్సుకి ఒక రింగు తగిలిస్తే ఇప్పటి కెమెరాకి పట్టేస్తుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే.

విజయనగరంలో ఒక పాత ఫోటోగ్రాఫర్ పోయారనీ, ఆయన సామానంతా ఇంట్లోనే ఉందనీ తెలిసి వెళ్లాను. ఆయన భార్య సత్యవతమ్మ గారు ఒక్కరే ఉంటున్నారు. మనిషి గట్టిగా ఉన్నారు. నేను వెళ్లేసరికి పెరటి బావిలోంచి తనే నీళ్లు తోడుకుంటున్నారు.

పాత లెన్సు కొనేటప్పుడు తొందరపడకూడదు. మా సముద్రపు గాలికి అద్దాల మధ్య బూజు పడుతుంది. వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి ముందు నుంచి చూస్తే అది సన్నటి దారాల్లా బయటపడుతుంది. లోపల తెరుచుకుని మూసుకునే రేకులకి నూనె అంటిందేమో చూడాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. ఈ లెన్సులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఎనభై నుంచి రెండు వందల దాకా వెళ్లే జూమ్. తిప్పే రకం కాదు, గొట్టాన్ని పట్టుకుని జరిపే రకం. అంకె పెరిగేకొద్దీ ఎదుట ఉన్నది దగ్గరకి వస్తుంది.

గొట్టం మీద సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీ ఉంది. అందులో వింతేమీ లేదు. ఇలాంటి లెన్సులు అరిగాక, కెమెరాని కాస్త వంచితే చాలు, గొట్టం తన బరువుకి తనే జారిపోతుంది. దాన్ని ఆపడానికి మాలో చాలామంది రబ్బరు వేస్తారు. అయితే ఒక వరస చాలు, అదీ చేత్తో జరుపుకునేంత వదులుగా. ఇక్కడ ఒకదాని మీద ఒకటి మూడు వరసలున్నాయి. గొట్టం నూట ముప్పై ఐదు అంకె కొంచెం దాటిన చోట బిగుసుకుపోయి ఎటూ కదలడం లేదు. జూమ్ లెన్సు కొనుక్కుని జూమ్ కాకుండా కట్టేసుకోవడం ఏం చాదస్తమో అనుకున్నాను.

అదే మాట కాస్త మర్యాదగా అడిగితే ఆవిడ అన్నారు. "ఆ రబ్బరు ముట్టుకోవొద్దని ఆయన సెప్పీవోరు బాబూ. ఎందుకంటే మాత్రం ఏటీ సెప్పీవోరు కాదు. వదులైపోతే దాని మీదే ఇంకోటి కట్టీవోరు."

సరేనని తల ఊపాను. దీని ముందు ఎండ పడకుండా తగిలించే హుడ్డు ఎక్కడో ఉండాలి, దొరికితే కబురు చేస్తానని గేటు దాకా వచ్చి సాగనంపారు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోలో కూర్చుని బ్లేడుతో మూడు వరసలూ కోసేశాను. పైది మెత్తగానే ఉంది. అడుగుది అప్పడంలా పెళుసైపోయి గొట్టానికి అతుక్కుపోయింది. గోటితో గీకి తీయాల్సి వచ్చింది. అది ఊడగానే, బల్ల మీద పడుకోబెట్టిన లెన్సు గొట్టం నెమ్మదిగా జరిగి రెండు వందల దగ్గర ఆగింది. బల్ల చదునుగానే ఉంది. ఇన్నేళ్లు బిగపట్టి ఉన్న గ్రీజు వదిలిందేమో అని సరిపెట్టుకుని, తుడిచి పక్కన పెట్టాను.

ఆ వారంలోనే హుడ్డు సంగతి కనుక్కుందామని ఫోన్ చేస్తే ఆవిడ తమ్ముడు ఎత్తారు. సత్యవతమ్మ గారు పోయారు. ఏ జబ్బూ లేదట. పొద్దున్న నీళ్లు తోడుతూ బావి దగ్గరే కూలబడిపోయారట. ఎప్పుడని అడిగాను. నేను బ్లేడు పట్టుకున్న రోజే. అప్పటికి నాకేమీ తట్టలేదు. మంచి మనిషి పోయారే అని బాధపడ్డాను.

తమ్ముడుగారు ఒక సాయం అడిగారు. ఊళ్లోవాళ్లందరికీ ఫోటోలు తీసిన మనిషి ఇంట్లో, భార్యది విడిగా ఒక్క మంచి ఫోటో లేదు. ఉన్నది ఒకటే. దాన్నుంచి దినం నాటికి పటం చేసివ్వాలి. ఆ ఫోటోలో ఆవిడ కాస్త వయసులో ఉన్నారు, ఏదో భోజనాల్లో వడ్డిస్తున్నారు. ముఖం చక్కగా ఉంది. విస్తళ్లూ, మనుషులూ, పందిరి గుంజలూ మాత్రం ఆ ముఖం నుంచి బయటికి గీతలు గీసినట్టు సాగిపోయి ఉన్నాయి. బటన్ నొక్కినప్పుడు జూమ్ కదిలితే అలా వస్తుంది. సరదాకి కావాలని తీసేవాళ్లూ ఉన్నారు. కానీ భోజనాల ఫోటో ఎవరూ అలా తీయరు.

గీతలన్నీ చెరిపేసి, ముఖం ఒక్కటీ ఉంచి, పటం కట్టించి పంపాను.

తర్వాత ఎచ్చెర్ల దగ్గర ఒక పెళ్లికి ఆ లెన్సు తీసుకెళ్లాను. కెమెరా స్టాండు మీద ఉంది, ఏ వైపూ వంగి లేదు. మగపెళ్లివారి వరస మొత్తం వచ్చేలా పెట్టుకుని బటన్ నొక్కే వేళకి గొట్టం దానంతటదే రెండు వందల దాకా జరిగింది. మధ్యలో కూర్చున్న పెళ్లికొడుకు పెదనాన్న ముఖం ఒక్కటే మిగిలింది. చుట్టూ గీతలు. వారం తిరక్కుండా పెళ్లికొడుకు ఫోన్ చేశాడు. పెదనాన్న గుండె ఆగి పోయారు, పటానికి పనికొచ్చే ఫోటో ఏదైనా ఉందా అని.

పెద్ద వయసు, పైగా ఎండల్లో పెళ్లి, ఎవరైనా పోతారు అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా శ్రీకాకుళంలో కెమెరాలు బాగుచేసే ఆయనకి లెన్సు చూపించాను. కిందికి వంచితే జారింది, పాతదానికి మామూలే అన్నాడు. తిన్నగా పెట్టి ఇద్దరం చాలాసేపు చూశాం. కదల్లేదు. నా మొహం చూసి నవ్వాడు కూడా.

ఎందుకొచ్చిన గొడవ, అమ్మేద్దామనుకున్నాను. అమ్మాలంటే దాంతో తీసిన ఫోటోలు నాలుగు చూపించాలి. ఒక ఆదివారం పొద్దున్న మేడ మీదికి తీసుకెళ్లి కెమెరాని పిట్టగోడ మీద పెట్టాను. అటు చివర మా ఆవిడ పార్వతి పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. పార్వతి మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ తిట్టుకుంటూ కొట్టుకుంటూ పెరిగాం. ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వెలుతురు బాగుందని కెమెరా అటు తిప్పాను.

గొట్టం కదిలింది. తొందర లేకుండా, ఎక్కడా ఆగకుండా. ముందు మనిషి మొత్తం, తర్వాత భుజాలు, తర్వాత ముఖం. వేలు నొక్కేసిందని చప్పుడు విన్నాకే తెలిసింది. ఎడమ చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆగలేదు, నా అరచేతిలోనే జరుగుతోంది. తలుపు అవతల నుంచి ఎవరో తోస్తుంటే ఇవతల నేను ఆపుతున్నట్టుంది. రెండు చేతులూ వేశాక ఆగింది. వదిలితే వెళ్లిపోతుందని నాకు తెలిసిపోతోంది. భయమంటే ఏమిటో ఆ పూట చూశాను.

పార్వతి పిండి చేతులతోనే లేచి వచ్చింది. "ఏటి బావా, అలా బిగుసుకుపోనావు?"

కింద వసారాలో పాత సైకిల్ ట్యూబు ఉంది, కత్తెరతో సహా తెమ్మన్నాను. తెచ్చింది. నేను పట్టుకుని ఉంటే తనే పట్టీ కోసి చుట్టింది. ఇంకా గట్టిగా అన్నాను.

"ఇంత గట్టిగా కట్టేస్తే ఇంకేటి పనిసేస్తాది ఇది?" అంటూనే పళ్లతో లాగి ముడి బిగించింది. తను ఏం కడుతోందో ఆమెకి తెలియదు.

చేతులు తీసి చూశాను. గొట్టం నూట ముప్పై ఐదు కొంచెం దాటి ఆగి ఉంది. ఫోటోలో పార్వతి ముఖం చక్కగా ఉంది. వడియాలూ, పిట్టగోడా, ఆకాశమూ గీతలుగా సాగిపోయాయి. అంత ఎండలో షట్టరు రెప్పపాటు కన్నా వేగంగా మూసుకుంటుంది. అంతలో ఆ గొట్టం కదిలిందెంత? ఆ ఫోటోలో గీతలు రావడానికి వీల్లేదు.

సత్యవతమ్మ గారి ఆ గీతల ఫోటో బయటికి తీసి పక్కన పెట్టుకుని చూశాను. వాళ్లాయన ఆ రబ్బరు ఎవరి కోసం కట్టారో, నేను కోసింది ఏమిటో అప్పుడు తట్టింది. మూడు వరసలెందుకో కూడా తెలిసింది. కొత్తది వేయాలంటే పాతది తీయాలి. పాతది తీసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

పార్వతిని వద్దంటున్నా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ లేదన్నారు. సత్యవతమ్మ గారికి మాత్రం ఏం లోపముంది?

ఇప్పుడా లెన్సు బీరువాలో నా బట్టల మధ్య ఉంది. ఎండలకి రబ్బరు సాగుతుంది. ఈ మధ్యే రెండో వరస వేశాను, మొదటిది తీయకుండా. పగలగొట్టేద్దామంటే గొట్టం ఎటు జారుతుందో తెలియదు. సముద్రంలో పారేద్దామంటే ఉప్పునీళ్లలో రబ్బరు ఎన్నాళ్లుంటుంది? పార్వతికి ఏమీ చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, నవ్వుతూ ఆ రబ్బరు లాగి చూస్తుంది. ఆమె సంగతి నాకు తెలుసు. ఆ విజయనగరం ముసలాయనకి కూడా తన ఇంటావిడ సంగతి తెలిసే ఉంటుంది.

ఇదంతా కాకతాళీయమే కావచ్చు. ఎన్నిసార్లు కూడికలు తీసివేతలు వేసుకున్నా నాకు లెక్క తేలడం లేదు, ఎవరైనా తేల్చి చెబితే సంతోషిస్తాను. నాకున్న బెంగల్లా ఒక్కటే. నేను ముందు పోతాను. పార్వతి ఒక్కతే ఇంట్లో ఉండగా, ఇక్కడ పాత లెన్సు ఉందని తెలిసి ఎవడో వస్తాడు. వెనక నుంచి లైటు వేసి బూజు ఉందేమో చూస్తాడు. చెవి దగ్గర ఊపి చూస్తాడు. రబ్బరు ముట్టుకోవద్దని పార్వతి చెబుతుంది. సరేనని తల ఊపుతాడు. ఇంటికెళ్లి, లెన్సుల గురించి తెలిసినవాడు ఎవడైనా మొదట చేసే పనే చేస్తాడు.