తార్నాక డాబా నుంచి హాస్టల్ డాబాకు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇల్లు తార్నాకలో. నా స్నేహితురాలు మా యూనివర్సిటీ క్యాంపస్‌లోని అమ్మాయిల హాస్టల్లో ఉండేది. ఆ వారం బంద్. హాస్టల్లో నెట్ లేదు, బయట నెట్ సెంటర్లు తెరవలేదు. ఆమె ఫెలోషిప్‌కు ఆన్‌లైన్ దరఖాస్తు పంపడానికి నాకు ఫోన్ చేసిన రోజే ఆఖరు.

"పోలీసులు గేటు దాటి పోనిస్తలేరే. ఈ ఏడు పోయినట్టే," అంది ఫోన్లో.

మా డాబా మీంచి చూస్తే చెట్ల తలల మీదుగా ఆ హాస్టల్ నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. మధ్య దూరం కిలోమీటరు పైనే. మా వైఫై వంటింటి దాకా కూడా సరిగా అందదు. కానీ రౌటర్‌ను డిష్ గిన్నె ముందు పెడితే సిగ్నల్ ఒకే వైపు చాలా దూరం పోతుందని మేమిద్దరం ల్యాబ్‌లో చూశాం. అప్పుడు వాడిన గిన్నె ఆమె గదిలోనే ఉంది. రెండోది మా టీవీదే.

నాన్న కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. రాష్ట్రం విడిపోతే మన గతేమిటని రోజూ బెంగపడేవారు. జంకుతూనే ఆయనకు సంగతి చెప్పాను. లేచి వెళ్లి స్పానర్ తీసుకొచ్చారు.

"చదువుకునే పిల్ల ఫారం ఆగకూడదమ్మా. పద."

ఆకాశం వైపున్న గిన్నెను క్యాంపస్ వైపు వంచి, రౌటర్‌ను దాని ముందు కట్టాం. అవతలి డాబా మీద ఆమె తన గిన్నె ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని, మాకు గురి తెలిసేలా ఎండలోకి అద్దం తిప్పింది. ట్యాంకు పక్కన తళుక్కుమంది!

"నాన్నా, అదిగో!"

నాన్న గిన్నెను వెంట్రుకవాసి చొప్పున జరుపుతున్నారు. ఆమె మాట ఆయనకూ వినబడేలా నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"ఏం వస్తలేదే... ఆగు, ఆగు! ఒక్క గీత వచ్చింది! రెండు! కదపకుండ్రి అంకుల్!"

బోల్టు అరిగిపోయి బిగుసుకోలేదు. నాన్న రెండు చేతులతో గిన్నెను అలాగే పట్టుకుని నిలబడ్డారు. సీరియల్ పోయిందని పోట్లాడటానికి పైకొచ్చిన అమ్మ, సంగతి విని, ఆయనకు గొడుగు పట్టింది.

ముప్పావుగంటకు ఫోన్లో కేక. "అయిపోయిందే! దరఖాస్తు నంబర్ వచ్చింది!" వెనక అమ్మాయిల ఈలలు. "ఇంకో ఐదుగురున్నరు. అంకుల్‌కు ఓపికున్నదా?"

"కానివ్వండమ్మా," అన్నారు నాన్న, చెమట తుడుచుకోకుండానే.

అందరి ఫారాలూ వెళ్లాయి. దారులు తెరిచాక ఆ ఆరుగురూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. నాన్న తనే వడ్డించారు.