మావయ్య ఎలుక

కదలని కారు ఏదైనా సరే, అందులో ఎలుక దూరిందని ప్రకటించడం మా మావయ్య జన్మహక్కు. మా వీధిలో ఎలుకను చూసిన ప్రాణి లేదు. అయినా ఆయన లెక్కన అక్కడి ఇంజన్లన్నీ ఎలుకల వసతిగృహాలే.

ఎవరి కారు మొరాయించినా పిలవకుండానే ప్రత్యక్షమయ్యేవాడు. బానెట్ ఎత్తి, ముక్కు లోపల పెట్టి, వాసన చూసి తీర్పు చెప్పేవాడు. పళ్ల డాక్టరు కారు మొండికేసిన రోజున కూడా లోపల కూర్చుని, గేరు ఊరికే అటూ ఇటూ సర్ది, "డాక్టరుగారూ, మీ వైరు మీద ఎలుక పళ్లు తోముకుంది" అన్నాడు. తాళం తిప్పితే బండి స్టార్టయింది. అంత చదువుకున్న మనిషీ బుద్ధిగా తల ఊపాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంట్లో బల్బు మార్చడం రాదు గానీ, వీధిలో ఇంజన్లన్నీ ఈయనకే కావాలి" అనేది అత్తయ్య.

అప్పుడే మా అక్క డ్రైవింగ్ నేర్చుకుంది. బస్సు వెళ్లని చోట ఉద్యోగం వచ్చింది. బావ కారు తాళం ఇస్తూ షరతు పెట్టాడు: "నీ పొరపాటువల్ల ఒక్కసారి బండి ఆగిందా, తాళం నాది." తాళం పోతే ఉద్యోగమూ పోయినట్టే.

ఉద్యోగంలో చేరాల్సిన ఉదయమే అక్క తాళం తిప్పింది. టిక్కుమంది, అంతే. బావ నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదండీ."

"అయితే బండే అలిగిందా?"

ఇంకేముంది, మావయ్య దిగాడు. అక్కను లేపి తాను కూర్చున్నాడు. పక్క సీట్లో ఉన్న నాకు అన్నీ కనిపిస్తున్నాయి. హెడ్‌లైట్ల స్విచ్చి రాత్రినుంచీ వేసే ఉంది, బ్యాటరీ చచ్చింది. అక్కా అది చూసింది. ముఖం పాలిపోయింది. మావయ్య చేతిరుమాలు తీసి చెమట తుడుచుకుంటున్నట్టు దాన్ని స్విచ్చి మీద జారవిడిచాడు. రుమాలు కింద బొటనవేలు కదిలింది.

"ఎలుకే!" అని అరిచాడు.

"ఏదీ, చూపించండి" అన్నాడు బావ.

"పిలిస్తే వచ్చి నిలబడ్డానికి అదేమన్నా నీ గుమాస్తానా? వైరు కొరికింది, బ్యాటరీ నీరసించింది. జరుగు."

తన కారు తెచ్చి రెండు బ్యాటరీలకూ తీగలు కలిపాడు. ఇంజను గర్జించింది.

"అయితే ఈవిడ తప్పేం లేదంటారా?"

"ఎలుకదంటుంటే వినపడదేం, అల్లుడూ?"

అక్క తాళంతోసహా వెళ్లిపోయింది. నాకు డాక్టరు గేరు గుర్తొచ్చింది. "మావయ్యా, ఇన్నాళ్లూ ఎలుకంటే..." అన్నాను.

"నోరు మూసుకుని ఆ తీగలు చుట్టు."

కొన్నాళ్లకు బావ నడుపుతుండగా కారు సరిగ్గా గేటులో ఆగిపోయింది. పెట్రోలు ముల్లు అడుగున పడుకుని ఉంది. అక్క చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. బావ ఆమెవైపు చూడకుండా, మెల్లగా వస్తున్న మావయ్యకు ఎదురెళ్లాడు.

"మావయ్యగారూ... ఎలుకేమో, కాస్త చూడండి."

మావయ్య ముక్కు లోపల పెట్టి గట్టిగా పీల్చాడు.

"ఎలుకే అల్లుడూ. అదీ తాగుబోతుది."