పై వరుసలో లక్ష్మీప్రియ

లక్ష్మీప్రియ ఐస్ హాకీ జెర్సీలు డిజైన్ చేస్తుంది. ప్రతి ఆటకీ స్టేడియంలో అందరికంటే పై వరుసలో కూర్చుంటుంది. వీపు మీది నంబరు అక్కడిదాకా కనబడాలని ఆమె పంతం. కంగారుపడితే స్కార్ఫ్ అంచు వేలికి చుట్టుకుంటుంది. ఈరోజు న్యూజెర్సీలో ఆటగాళ్లు మొదటిసారి కొత్త జెర్సీల్లో మంచు మీదికి రాగానే జనమంతా ఛీ కొడుతూ గోల చేశారు. ఒకడైతే ఇప్పుడే కొన్న కొత్త జెర్సీ విప్పి మంచు మీదికి విసిరాడు. ఎప్పుడూ పక్క సీట్లోనే కూర్చునే, పాత జెర్సీ వేసుకున్న రిటైర్డ్ డాక్టర్ ఆదిశేషు అంకుల్‌కి కొత్తది ఆమె డిజైనేనని తెలియదు. “ఏ దరిద్రుడు డిజైన్ చేశాడమ్మా ఇది? మన టీమ్ పరువు తీశాడు!” అన్నాడు. ఆమె స్కార్ఫ్ బిగిసి వేలు తెల్లబడింది. అంతలో గోల్ పడింది. “సెవెంటీన్! సెవెంటీనే కొట్టాడమ్మా!” అని ఆయన ఎగిరి లేచాడు. పోయిన సీజన్‌దాకా ప్రతి గోల్‌కీ “ఎవడు కొట్టాడమ్మా?” అని ఆమెనే అడిగేవాడు.