మధ్యలో నిలబడ్డ ఇల్లు

సాయంత్రం పాప గౌను కుడదామని కుట్టుమిషన్‌కు నూనె వేశాను. సబ్బుతో ఎంత రుద్దినా ఆ వాసన వేళ్లను వదల్లేదు. పాప జ్వరం తగ్గిందో లేదోనని నుదుటి మీద చెయ్యి పెట్టబోయి, ఈ ఘాటుకు లేస్తుందేమోనని ఆగిపోయాను. ఎప్పుడు ఈ వాసన తగిలినా మొగల్తూరులో ఒక వసారా, ఆ వెంటనే వసుంధర మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్ రాజమండ్రి కాలేజీలో మాకు ఎకనామిక్స్ చెప్పేవారు. పక్క జిల్లాలో ఒక మామూలు కుటుంబానికి ఏడాదికి ఎంతొస్తోంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఎలా మారుతోంది అన్నది ఆవిడ పట్టుకున్న పని. రొయ్యల చెరువులు బాగా కలిసొస్తున్న రోజులవి. "సగటు తీశామనుకో, భీమవరంలో నలుగురు ఆసాములు జిల్లా మొత్తాన్నీ ధనవంతుల్ని చేసేస్తారమ్మా" అని నవ్వేవారు. అందుకే ఇంటింటి కాగితాలనూ క్లాసు గదిలో నేల మీద, తక్కువ రాబడి నుంచి ఎక్కువ రాబడి దాకా మా చేత వరుసగా పరిపించేవారు. సరిగ్గా మధ్యలో ఏ ఇల్లుంటే ఆ ఇంటి రాబడే మధ్యస్థ ఆదాయం. కొన్నేళ్లకు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లాలి. మొదటి విడతలో మొగల్తూరు నాకిచ్చారు. ఆ ఊరి వరుసలో మధ్యలో నిలబడ్డది సత్యవతి గారి ఇల్లు. భర్త చెరువు దగ్గర కాపలా, ఆవిడ వసారాలో కుట్టుమిషన్.

మీకెంతొస్తుందండీ అంటే మా వైపు ఎవరూ చెప్పరు. "ఏదో మీ దయవల్ల నడుస్తోందండి" అంటారు. అలా అడక్కూడదని మేడమ్ నేర్పారు. పెళ్లిళ్ల రోజుల్లో ఎన్ని జాకెట్లు కుట్టారు, చెరువు ఎండబెట్టినప్పుడు మీవారు ఏ పనికి వెళ్లారు అని ఏడాదిని ముక్కలు చేసి అడగాలి. సత్యవతి గారు నాకు టీ ఇచ్చి అన్నీ చెప్పారు. ఆ ఊళ్లో ఇళ్లన్నీ నావే అనుకున్నాను.

రెండో విడత వచ్చేసరికి నాకు పాప పుట్టింది. "పసిబిడ్డతో ఎండల్లో ఏం తిరుగుతావమ్మా?" అని మేడమ్ మొగల్తూరును నా జూనియర్ శైలజకు ఇచ్చేశారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ పాలవాసన కొట్టే నైటీలో ఉయ్యాల ఊపుతూ, ఇస్త్రీ చీర కట్టుకుని నా వసారాలో కూర్చుని నా టీ తాగుతున్న శైలజనే తలుచుకునేదాన్ని. మేడమ్ ఆమెను మెచ్చుకున్నారని ఎవరైనా చెబితే ఆ పూట అన్నం సయించేది కాదు.

పాపను చూడ్డానికి వచ్చినప్పుడు మేడమ్ అన్నారు, మొగల్తూరు అంకెలు బాగా పడిపోయాయని, కొన్ని ఇళ్లు మళ్లీ తనిఖీ చేయాలని. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆ అమ్మాయికి నిజం చెప్పి ఉండరండి. నేను అడుగుతాను."

"సరే, తప్పని తేలితే ఆ ఊరు మళ్లీ నీదే. కానీ తప్పు తేలాలని మాత్రం రాకు."

దానికోసమే వెళ్లాను. పాపను చంకనేసుకుని, బస్సులో మేడమ్ పక్కన కూర్చుని.

సత్యవతి గారు మిషన్‌కు నూనె వేస్తున్నారు. నన్ను చూడగానే, "రండమ్మా! శైలజమ్మ రాలేదేంటండి? ఎంత నవ్విస్తుందో!" అన్నారు. పళ్లు బిగించి నవ్వాను. ఏడాదిని ముక్కలు చేసి, తిప్పి తిప్పి అడిగాను. ఎలా అడిగినా శైలజ రాసిన అంకే వచ్చింది. రొయ్యలకు తెగులొచ్చి చెరువులు పోయాయి. కాపలా ఉద్యోగం పోయింది.

"చెరువు పోతే ఊళ్లోవాళ్లు ముందు తగ్గించేది నా దగ్గరేనండి. కొత్త జాకెట్టు మానేసి పాతదే వదులు చేయించుకుంటారు."

"మరి ఈ నూనె?"

"పని లేదని ఊరుకుంటే తుప్పు పట్టెయ్యదండీ?" అని, మిషన్ మీద గుడ్డ కప్పేశారు.

తిరుగు బస్సులో మేడమ్ నా వైపు తిరిగారు. "లెక్క సరిపోయిందిగా, మొహం అలా ఉందేంటి?"

"బాధగా ఉందండి."

"ఎవరి కోసం?"

నేను పాప గౌను ముడి విప్పి మళ్లీ కట్టాను. ఆవిడ పాపను తన ఒళ్లోకి తీసుకున్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ పనిని శైలజ నడుపుతోంది. ఇందాక ఫోన్ చేసి, "అక్కా, మూడో విడతకి రేపు మొగల్తూరు వెళ్తున్నా. సత్యవతి గారిని ఏమైనా అడగమంటావా?" అంది. గుండెల్లో అదే పాత మంట.

"అడగడం తర్వాత. మిషన్ మీద గుడ్డ తీసుందో కప్పుందో చూసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాను.

తీసి ఉండాలి. ఆ ఇంటి రాబడి మళ్లీ పెరిగి ఉండాలి, ఆ అంకె రాసేది శైలజే అయినా సరే. ఎవరి కోసం అని మేడమ్ ఇప్పుడు అడిగితే తడుముకోకుండా చెప్పగలను. శైలజను చూసి ఇంకా కుళ్లుకుంటున్నానని కూడా చెబుతాను.